కొత్త కోటు ఎడమ జేబు

"అయిదింటికి బండి బయల్దేరుతుంది," అన్నాడు మేజర్ సాపర్‌గలీ, పొద్దుతిరుగుడు గింజని పంటి కింద చిట్లిస్తూ. "ఆ పిల్లని జైలుకి పంపేస్తాను. ఆ తరవాత మీరు దుకాణమంతా తీరిగ్గా తిరగండి. మెట్లు ఎక్కండి, దిగండి, అద్దాల్లో ముఖం చూసుకోండి. నాకేం అభ్యంతరం లేదక్కా."

ఒరిన్‌షా మెట్ల మొదట్లో, పాలరాతి మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం పక్కన వంగి కూర్చుని ఉంది. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. ఆ ఆకారంలో ఒక చెయ్యి చాచినట్టు ఉంది, ఎవరినో పట్టుకోబోయినట్టు.

అతను 'అక్కా' అనడంలో గౌరవం పాలు తక్కువే. ఒకప్పుడు పోలీసు శాఖలో ఈ సాపర్‌గలీ ఆమె కిందే పనిచేశాడు. ఆమె బల్ల మీద టీ చల్లారితే పరిగెత్తుకెళ్ళి వేడిది తెచ్చేవాడు. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా నేర పరిశోధనలు మొదలెట్టాక, అదే బల్ల వెనక తను కూర్చున్నాడు. కుర్చీ ఎక్కితే మనిషి మారిపోతాడంటారు గాని, సాపర్‌గలీ మారలేదు. లోపలున్నది బయటికొచ్చింది, అంతే.

"ఇంకోసారి చెప్పు," అంది ఒరిన్‌షా. "మొదటినుంచీ."

"ఎన్నిసార్లు చెప్పినా కథ అదేనక్కా." మేజర్ గింజల పొట్టు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. "బుధవారం మధ్యాహ్నం, పనివాళ్ళందరి ముందూ, తొగ్జాన్‌కీ చచ్చిపోయిన నూరిలాకీ పెద్ద గొడవ. సాయంత్రం ఏడింటికి తొగ్జాన్ దుకాణం మూసి వెళ్ళింది. లోపల నూరిలా ఒక్కతే ఉంది. ఎనిమిదింటికి తొగ్జాన్ కార్డుతోనే మళ్ళీ తలుపు తెరుచుకుంది. తాళం యంత్రం అబద్ధమాడదు కదా! తెల్లారి ఊడ్చే మనిషి వచ్చి చూస్తే ముసలావిడ మెడ విరిగి ఇక్కడ పడి ఉంది. కార్డు ఎవరి దగ్గరుందమ్మా అంటే ఆ పిల్లే చెప్పింది, నా దగ్గరేనని. ఇంకేం కావాలి? ఇంటి దొంగని దేవుడైనా పట్టలేడంటారు. నేను ఒక్క పూటలో పట్టాను."

"అంత తొందరగా పట్టుబడ్డాడంటే వాడు ఇంటి దొంగ కాకపోవచ్చు."

"ఇదిగో, ఈ మాటలకే మిమ్మల్ని శాఖలో ఎవరూ ఇష్టపడేవారు కాదు," అన్నాడు సాపర్‌గలీ.

నిజమే, ఇష్టపడేవారు కాదు. ఒరిన్‌షా గోడ పట్టుకుని లేచింది.

అది 'కుమిస్ ఇనె' వాళ్ళ పన్నెండో దుకాణం. కుమిస్ ఇనె అంటే వెండి సూది. అల్మాతీలో కాస్త కలిగిన ఇంటి ఆడవాళ్ళెవరినైనా అడగండి, పెళ్ళికి వేసుకున్న కోటు ఎక్కడిదంటే ఆ పేరే చెబుతారు. ఆ కోట్లన్నీ కత్తిరించేది నూరిలా. శనివారం తెరవాల్సిన దుకాణం ఇది. బయట కట్టిన రిబ్బను ఎవరూ విప్పలేదు. లోపల బొమ్మలన్నీ ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉన్నాయి. దుకాణం నడపాల్సిన తొగ్జాన్ లాకప్పులో ఉంది. ఆ పిల్ల కంపెనీ యజమానురాలు జిబాగుల్‌కి కోడలు. గురువారం మధ్యాహ్నం జిబాగుల్ ఫోను చేసి ఒరిన్‌షాతో అన్నది ఒక్కటే మాట: "నా కోడల్ని విడిపించు."

అత్తగారు కోడలి కోసం డిటెక్టివ్‌ని పెట్టడం ఒరిన్‌షా తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. ఆ మాటకే ఒప్పుకుంది.

"కోటు చూపించు," అంది ఇప్పుడు.

"ఏ కోటు?"

"నూరిలా ఒంటి మీదిది. నీ బండిలో ఉంది, నాకు తెలుసు. ల్యాబుకి తీసుకెళ్ళే ముందు ఒక్కసారి. నీ ముందే చూస్తాను."

మేజర్ కాసేపు ఆలోచించాడు. చూపించకపోతే భయపడ్డట్టు ఉంటుంది. అదీగాక, పాత పై అధికారి ఓడిపోతుంటే కళ్ళారా చూడాలని అతనికి ఎంత సరదాగా ఉందో ముఖంలోనే తెలుస్తోంది. మనిషిని పంపి కవరు తెప్పించాడు.

కోటు ముదురు నీలం ఉన్ని. మెడ చుట్టూ వెండి జరీతో పొట్టేలు కొమ్ముల అల్లిక. దాన్ని బల్ల మీద పరిచేసరికి కవరు తెచ్చిన కానిస్టేబులు కూడా 'అబ్బ' అన్నాడు. ఒరిన్‌షా చేతి తొడుగులు వేసుకుని కాలరు చూసింది, కాజాలు చూసింది, చివరికి జేబుల దగ్గర ఆగింది.

కుడి జేబు మూతి తెల్లదారంతో కుట్టేసి ఉంది. కొత్త కోటు అంటే అంతే. జేబు సాగిపోకుండా కచ్చా కుట్టు వేస్తారు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి విప్పుకోవాలి. ఎడమ జేబు మాత్రం తెరిచి ఉంది. తెల్లదారం తెగి, తోక ఒకటి వేలాడుతోంది.

"ఏం లేదులెండి అందులో," అన్నాడు మేజర్. "నేనే వెతికాను."

"ఏం లేకపోవడాన్నే చూస్తున్నాను."

"ఆహా!"

"నవ్వకు. ఈవిడ జేబు విప్పినందుకు పనిపిల్లల్ని ఏడిపించిన మనిషి. అమ్ముడవని కోటు జేబులో చెయ్యి పెట్టనిచ్చేది కాదట. అలాంటి మనిషి తన చేత్తో కుట్టిన కోటు జేబుని గోటితో లాగి తెరిచింది. ఎందుకు?"

సాపర్‌గలీ భుజాలెగరేశాడు. ఒరిన్‌షా జేబు లోపలి గుడ్డని బయటికి తిప్పింది. పట్టు లైనింగులో పక్కపక్కనే రెండు సన్నటి రంధ్రాలున్నాయి, పదునైనదేదో గుచ్చుకుని పైకి తేలినట్టు.

"కొత్త కోటు వేసుకున్న మనిషికి ఏమిస్తారు సాపర్‌గలీ?"

అతను గింజలు నమలడం ఆపాడు. అది తెలియనివాళ్ళు ఈ దేశంలో పుట్టలేదు. కొత్త బట్ట కట్టిన మనిషిని మొదటిసారి చూసినవాళ్ళు ఉత్తచేతుల్తో పోకూడదు. చక్కెర పలుకో, బొత్తామో, ఉంగరమో చేతిలో పెట్టి 'బట్ట చిరగాలి, నువ్వు నిలవాలి' అని దీవించాలి. దాని పేరే బైగజి.

"ఎవరో బైగజి ఇచ్చారు," అంది ఒరిన్‌షా. "పెట్టుకోవడానికి జేబు విప్పింది. అంటే వచ్చినవాడు తిట్టుకుంటూ రాలేదు, దీవిస్తూ వచ్చాడు. తరవాత ఆ ఇచ్చినది జేబులో లేదు."

"అయితే?"

"ఇచ్చినవాడే తీసుకుపోయాడు."

"బైగజి ఎవరైనా వెనక్కి తీసుకుంటారా? నోట్లో పెట్టిన ముద్ద లాక్కున్నట్టు!"

"ప్రాణం తీసినవాడికి కానుక తియ్యడం ఒక లెక్కా?"

మేజర్ ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. "దారప్పోగు పట్టుకుని హంతకుణ్ణి లాక్కొస్తానంటారు. లాగండక్కా, లాగండి. కోడలే ఇచ్చి ఉంటుంది, రాజీకని. అయిదింటి వరకూ టైముంది మీకు."

కోడలు ఇచ్చి ఉండదని ఒరిన్‌షాకి తెలుసు. పొద్దున్న లాకప్పులో ఆ పిల్లతో మాట్లాడింది. రెండు రోజులుగా నిద్రలేక కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"ఆ కోటు నేను చూడనే లేదు పిన్నీ," అంది తొగ్జాన్. "గొడవే దానికోసం. ఫొటోలు తియ్యాలి చూపించమంటే, ఎవరికీ చూపించనంది. గదికి లోపలనుంచి గడియ పెట్టుకుని కుట్టింది. నేనూ నోరు జారాను. ముసలిదానా అన్నాను." ఆ మాట గుర్తుకొచ్చి ఏడ్చింది.

"ఎనిమిదింటికి ఎక్కడున్నావు?"

"ఇంట్లో. ఆయనకి జ్వరం. పక్కనే ఉన్నాను."

"నీ కార్డు?"

"నా సంచీలో."

"మరి తలుపెలా తెరుచుకుంది తల్లీ?"

తొగ్జాన్ గోడకేసి తిరిగి కూర్చుంది.

"ఎవరి కోసం ఈ అబద్ధం? నిన్ను అయిదింటికి తీసుకుపోతారు. మూడేళ్ళ కూతురుందటగా నీకు!"

"నా కార్డు నా దగ్గరే ఉంది పిన్నీ," అంది గోడతోనే. ఇంకెంత అడిగినా అదే పాట. ఒరిన్‌షా అక్కణ్ణించి బయటికొచ్చింది.

ఇప్పుడు ఆమె మెట్లెక్కి పై గది చూసింది. అద్దాల ట్రయల్ రూమ్, ఒక సోఫా, ఒక టీ బల్ల. మేకుకి పొడుగాటి గుడ్డసంచీ ఒకటి వేలాడుతోంది. మూతి కుట్టేసి ఉంది.

"ఇదేంటి?"

"ఇంకో కోటు," అన్నాడు మేజర్, గుమ్మం దగ్గరనుంచే. "నిన్న నేనే విప్పించి చూసి మళ్ళీ కుట్టించాను. అచ్చం అలాంటిదే. కోట్ల దుకాణంలో కోటు దొరకడం కూడా వింతేనా?"

కింద తలుపు చప్పుడైంది. జిబాగుల్ వచ్చింది, వెనకే కొడుకు ఎర్సాయిన్.

జిబాగుల్‌కి అరవై దాటాయి. శుక్రవారం కాబట్టి పోయినవాళ్ళ పేరున ఇంట్లో రొట్టెలు వేయించి ఉంటారు. ఆ నూనె వాసన ఆమె నల్లశాలువాకి పట్టి ఉంది. సుద్దగీత దగ్గరికొచ్చి ఆగింది. దాన్ని దాటలేక చుట్టూ తిరిగి, గోడ పట్టుకుని మెట్లెక్కింది. ఎర్సాయిన్ తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మర్యాదస్తుడు. మేజర్‌కి రెండు చేతులూ కలిపి సలాం చేశాడు, కానిస్టేబుల్ని కూడా పేరడిగి పలకరించాడు. కంపెనీ వ్యాపారమంతా ఇప్పుడు అతనే చూస్తున్నాడు.

సోఫాలో కూర్చున్నాక జిబాగుల్ అడగకుండానే మొదలెట్టింది.

"పాత బజారులో ఇనప డబ్బా మా మొదటి దుకాణం, ఒరిన్‌షా. ఇద్దరం సరిహద్దు దాటి వెళ్ళి మూటలు మోసుకొచ్చేవాళ్ళం. తెచ్చిన కోట్లు మన ఆడవాళ్ళకి భుజం దగ్గర సరిపోయేవి కావు. నూరిలా వాటిని విప్పి మళ్ళీ కత్తిరించేది. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి, నోట్లో పెట్టుకుని వెచ్చబెట్టుకునేది. అలా కత్తిరించిన మొదటి కోటు తనే వేసుకుని నా ముందు నిలబడి, 'ఏం చూస్తావే, బైగజి ఇవ్వు' అంది. నా దగ్గరేముంది? కుట్టుకునే సూది తీసి ఇచ్చాను. దాని పేరే కంపెనీకి పెట్టుకున్నాం."

"ఆ తరవాత కూడా ఇస్తూ వచ్చారా?"

"కొత్త కోత, అంటే కొత్త రకం కోటు కోసినప్పుడల్లా. అది వేసుకుని నిలబడుతుంది, చూసిన ప్రతివాడూ ఏదో ఒకటి ఇస్తాడు. మా ఇంట్లో పుట్టినవాడికి మాటలకన్నా ముందు వచ్చేది అదే. ఒక కోతకి ఒక్కసారే ఇవ్వాలి. బొమ్మకొకటి, పనివాళ్ళు చూసి కుట్టడానికొకటి అని రెండు కుడుతుంది గాని, రెండు కోట్లయినా కోత ఒకటే, కానుక ఒకటే. రెండోసారి ఇస్తే దానికి కోపం. నన్ను కొనేద్దామనుకుంటున్నావా అనేది." జిబాగుల్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఈ కోటుకి నేను ఇవ్వలేదు. చూడలేదుగా. ఆస్పత్రిలో గుడ్డ తీసి ముఖం మాత్రం చూపించారు."

"నువ్వు చూశావా నాయనా?" అంది ఒరిన్‌షా ఎర్సాయిన్‌తో.

"లేదు పిన్నిగారూ. అమ్మతోపాటు ముఖమే చూశాను. ఆ ముందు రోజు నుంచీ జ్వరం. బుధవారం మంచం దిగలేదు."

"సాక్ష్యం?"

"తొగ్జాన్ ఉంది కదా," అన్నాడు. అని, ఆ సాక్షి ఎక్కడుందో గుర్తొచ్చినట్టు తల వంచుకున్నాడు.

"నూరిలాతో నీకు గొడవలేమన్నా?"

"ఆవిడ నన్ను ఎత్తుకుని పెంచింది. గొడవంటే..." అతను తల్లి వైపు చూశాడు. "దాచడానికేముంది? కంపెనీ పెరగాలన్నాను, ఆవిడ వద్దంది. వేరే దేశంవాళ్ళు భాగానికొచ్చారు. మూడేళ్ళలో ముప్పై దుకాణాలు. అస్తానాలో, తాష్కెంట్‌లో, ఆపైన ఎక్కడైనా. పదకొండు దుకాణాలకి ఆవిడ చేతులు సరిపోయాయి. ముప్పైకి సరిపోతాయా మీరే చెప్పండి. వ్యాపారం సైకిలు లాంటిది, తొక్కడం ఆపితే పడిపోతాం."

"నూరిలా ఏమనేది?"

"'దుకాణాలు పెరిగేకొద్దీ నా కోటుకి మనిషి కొలత పోతుందిరా' అనేది," అంది జిబాగుల్ నెమ్మదిగా. "కుట్టుపని దేశం దాటితే తను కత్తెర కింద పెట్టేస్తానంది. నేను ఎటూ తేల్చలేదు. మింగలేక కక్కలేక నెలరోజులుగా ఊరుకున్నాను. దానికి మాటిచ్చాను, శనివారం వరకూ ఏ కాగితం మీదా సంతకం పెట్టనని."

"అయితే ఇంకా ఏదీ ఖాయం కాలేదు."

"కాలేదు," అన్నాడు ఎర్సాయిన్ వెంటనే. వ్యాపారం మాట వచ్చేసరికి ముఖంలోకి కాస్త రంగొచ్చింది. తన కోటు లోపలి జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. "ఏదో ఆలోచనలు, అంతే. ఇదిగో ఇలాంటివి. అమ్మకి చూపిద్దామని తెచ్చాను. ప్రతి కోటుతోపాటూ ఇదొకటి ఇస్తాం. కొన్నవాళ్ళకి కంపెనీయే బైగజి ఇచ్చినట్టు. ఎలా ఉంది?"

సూది ఆకారంలో వెండి పిన్ను. ముద్దుగా ఉంది. ఒరిన్‌షా చేతిలోకి తీసుకుంది. మొన చురుక్కున గుచ్చుకుని వేలిమీద రక్తపుబొట్టు లేచింది. తిప్పి చూసింది. వెనక సన్నటి ముద్ర ఉంది, వేరే దేశపు కార్ఖానా పేరు. పేరు కింద 'కుమిస్ ఇనె దుస్తులు, మొదటి విడత' అని ఉంది.

మొదటి విడతట. ఏదీ ఖాయం కాని వ్యాపారానికి!

ఆమె ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా పిన్ను పెట్టెలో పెట్టి ఇచ్చేసింది. "చక్కగా ఉంది నాయనా. నూరిలాకి చూపించావా?"

"ఎక్కడ కుదిరింది పిన్నిగారూ!" అన్నాడు ఎర్సాయిన్, నిట్టూర్చి.

అతను లేచి అందరికీ టీ పోశాడు. తల్లికి సగం, మేజర్‌కి సగం, ఒరిన్‌షాకి మాత్రం అంచుదాకా. పెద్దలకి సగం పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోసి కూర్చోబెట్టుకోవడానికి. నిండా పోశారంటే తాగి దయచెయ్యమని. పొరపాటున పోశాడో, కావాలని పోశాడో! మేజర్ ఆ కప్పు చూసి మీసాల కింద నవ్వుకున్నాడు.

"నాలుగున్నరయిందక్కా," అన్నాడు. "టీ చల్లారుతుంది."

ఒరిన్‌షా టీ ముట్టుకోలేదు. ఆమె దగ్గరున్నవి ఏవి? రెండు రంధ్రాలు, ఒక ముద్ర. కోర్టులో ఇవి నిలబడవు. లాకప్పులో పిల్ల నోరు విప్పదు, మొగుడి మీద ఎలా విప్పుతుంది? అరగంటలో బండి కదులుతుంది. ఒకసారి జైలు గేటు దాటాక మనిషిని బయటికి తేవడం ఎంత కష్టమో ఆమెకన్నా తెలిసినవాళ్ళు లేరు.

"అక్కా, మీరు కాసేపు కిందికెళ్ళి కూర్చుంటారా?" అంది జిబాగుల్‌తో. "ఎర్సాయిన్‌తో నాలుగు మాటలున్నాయి."

"ఎందుకు? వాడు నా ముందు చెప్పలేనిది ఏముంది?" అంది జిబాగుల్. "కూర్చునే ఉంటాను. నా కోడలి సంగతి తేలేదాకా ఇక్కణ్ణించి కదలను."

ఆ మాట ఒరిన్‌షాని బాధపెట్టింది. ఇంక చేసేదేమీ లేక లేచి, మేకుకున్న గుడ్డసంచీ తీసుకుని ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళింది. తెర వేసుకుంది. గోటితో కుట్టు తెంపింది. రెండో కోటు బయటికొచ్చింది, అదే నీలం, అవే వెండి కొమ్ములు. తొడుక్కుంటే భుజాల మీద ఎవరో చేతులు వేసినట్టు కూర్చుంది. ఎవరి కొలత ఇది? నూరిలా మనసులో ఎవరో ఒక మామూలు ఆడమనిషి ఉండి ఉంటుంది, యాభై దాటిన, మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఒరిన్‌షా బొత్తాలు పెట్టుకుంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాణ్ణి ఎవరైనా పడతారు. ఇక్కడ జేబు తడుముకోనివాణ్ణి పట్టాలి.

తెర తీసి బయటికొచ్చింది.

మొదట చూసింది మేజరే. అతని చెయ్యి అతనికి తెలియకుండానే ప్యాంటు జేబులోకి పోయింది. "బట్ట చిర..." అని సగం దీవెన నోట్లోంచి వచ్చేశాక, నాలిక్కరుచుకున్నాడు. "ఛ! ఈ కోటు నిన్నే చూశాను కదా," అని గొణుక్కున్నాడు. "అయినా శవం మీద చూసిన దానికి ఎవడిస్తాడు?"

జిబాగుల్ లేచి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. ఒరిన్‌షా ఎవరో, ఎందుకొచ్చిందో ఆమెకి గుర్తున్నట్టు లేదు. కోటునే చూస్తోంది. కాలరు తడిమింది, భుజం కుట్టు వేలితో వెంబడించింది.

"ఇదా!" అంది. "ఇదటే నువ్వు నాకు చూపించకుండా దాచింది!"

ఆమె కుడిచేయి అప్పటికే ఎడమ చేతి ఉంగరం తిప్పుతోంది. వేలు వాచి ఉంది, ఉంగరం రాలేదు. తడిచేసుకుని లాగింది. ఒరిన్‌షా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "బట్ట చిరగాలి," అంది. రెండో సగం అనలేకపోయింది. ఎవరు నిలవాలని దీవిస్తుంది?

ఒరిన్‌షా ఎర్సాయిన్‌ని చూస్తోంది.

అతను సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, కదల్లేదు. ముఖం తెల్లబోయింది. కానీ ముఖం తెల్లబోవడం నేరం కాదు. చచ్చిపోయినావిడ కోటు చూస్తే ఎవరికైనా తెల్లబోతుంది. చేతులు కదల్లేదంటే మేజర్ నవ్వుతాడు. ఇది చాలదు, ఎంతమాత్రం చాలదు అనుకుంది ఒరిన్‌షా. ఏదో ఒకటి అడగాలని నోరు తెరిచింది.

ఆమెకన్నా ముందు తల్లి మాట్లాడింది.

"ఒరే, అలా దిమ్మలా కూర్చున్నావేంట్రా? నూరిలా చివరి కోత. చేతిలో ఉన్నది ఇవ్వు. నిన్ను ఎత్తుకు మోసిన మనిషి, ఇదేనా మర్యాద? నలుగురిలో పరువు తియ్యకు."

మర్యాద తప్పావని చిన్నప్పటినుంచీ ఎవరిచేతా అనిపించుకోనివాడు. మాట చురుక్కుమంది. వెంటనే తలెత్తాడు.

"నేనెందుకివ్వలేదమ్మా? దీనికి ఇచ్చేశాగా!"

కింద రోడ్డు మీద పోయే బస్సు చప్పుడు పైదాకా వినబడింది.

తను ఏమన్నాడో ఎర్సాయిన్‌కి అందరికన్నా ఆఖర్న అర్థమైంది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "అంటే... పోయినేడాది నీలం కోటుకి..."

"పోయినేడాది కోటు ఎర్రది," అంది జిబాగుల్.

ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. సరుకు గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. "ఇది ఎవరికీ చూపించలేదు. నాకే చూపించలేదు. ఎప్పుడిచ్చావు?"

మేజర్ సాపర్‌గలీ చేతిలోని గింజలు నెమ్మదిగా జేబులో పోసుకున్నాడు. లేచి మెట్ల దగ్గరికెళ్ళి దారికి అడ్డంగా నిలబడ్డాడు. పనిలో చెడ్డవాడు కాడు ఎప్పుడూ. ఒరిన్‌షా వైపు మాత్రం చూడలేదు.

"ఏమిచ్చావురా?"

ఎర్సాయిన్ పెట్టెని రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు. "మంచిమాటలతో ఒప్పిద్దామనే వెళ్ళానమ్మా. కోటు వేసుకుని మెట్ల మీద నిలబడి ఉంది. ఎంత బాగుందో! దీవించాను. పిన్ను ఇచ్చాను. సంతోషించింది. జేబు తనే విప్పి అందులో వేసుకుంది. కాసేపు మాట్లాడుకున్నాం. తరవాత మళ్ళీ చూద్దామని తీసి, వెనక్కి తిప్పింది." అతను పెట్టెని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ముద్ర చదివింది. బతికుండగానే నా చేతులకి గోరీ కట్టావా అంది. కాగితాల మీద సంతకాలయిపోయాయమ్మా, నీ పేరున నేనే పెట్టాను. ఆ సంగతి నీకు చెబుతానంటూ ఆవిడ మెట్లు దిగబోయింది. చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది, నేనూ విదిలించాను. అంతేనమ్మా, నేను తొయ్యలేదు."

"పిన్ను తీసుకున్నావు."

"మెట్టు మీద పడి ఉంది."

"దాని ప్రాణం ఉందో లేదో చూశావా? ముందు పిన్ను తీశావా?"

అతను పెట్టె మూత తెరిచి మూశాడు. జిబాగుల్ అడగాల్సింది ఇంకొకటి ఉంది.

"తొగ్జాన్‌కి తెలుసా?"

"కార్డు సంచీలోంచి తీస్తుంటే చూసింది," అన్నాడు ఎర్సాయిన్, పెట్టెతో మాట్లాడుతున్నట్టు. "రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది, వదిలేస్తారులే అనుకున్నాను."

ఒరిన్‌షాకి కోటు బరువైపోయింది. విప్పి, సోఫా వీపు మీద జాగ్రత్తగా పరిచింది. అరచేతిలో ఉంగరం ఇంకా వెచ్చగా ఉంది. ఈ పద్ధతిలో, ఈ తల్లి నోటితో ఇది బయటపడాలని ఆమె అనుకోలేదు. వెళ్ళి జిబాగుల్ ముందు నిలబడి, ఉంగరం చాచింది.

"తీసుకోండక్కా. ఇది నాటకం కోసం వేసుకున్న కోటు. దీనికి కానుకేంటి?"

"మా ఇంట్లో ఇచ్చింది వెనక్కి తీసుకోరు," అంది జిబాగుల్. ఆ అలవాటైన మాట నోట్లోంచి వచ్చేశాక కొడుకు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరవాత శాలువా తలమీదికి లాక్కుంది.

"నా కోడల్ని విడిపించమని పిలిచాను నిన్ను," అంది ఒరిన్‌షాతో. "విడిపించు."